కృష్ణా డెల్టాకు తగిన ఖగోళకార్యము

నెప్ట్యూన్‌కు ఆవలి చీకట్లలో సూర్యుని చుట్టు తిరుగుచున్న చిన్న మంచులోక మొకటి, తన త్రోవలో నేదో యొక నక్షత్రమునకును మనకును నడుమ వచ్చినచో, ఆ నక్షత్రము కొన్ని సెకన్లపాటు మరుగుపడి మరల వెలుగును. ఎంతటి దూరదర్శినితో చూచినను ఒట్టి చుక్కవలె తోచు ఆ లోకముయొక్క పరిమాణమును, ఆకృతిని, దాని నావరించి పలుచని వాయువుగాని వలయముగాని యున్నచో వానిని సైతము, ఆ కొన్ని సెకన్ల చీకటియే మనకు తెలుపును. ఇందుకు మహావేధశాల అక్కరలేదు. కాలమును తప్పులేక కొలుచు సాధనమును, దూరదూరముగా నిలిచి ఒకేసారి చూచు పలువురు మనుష్యులును కావలెను. కనుకనే ఈ కార్యము మన కృష్ణా డెల్టాలోని కళాశాలలకు మిక్కిలి తగినదని నా దృఢాభిప్రాయము.

నక్షత్రము అపారదూరమున నున్నందున, దాని వెలుగులో ఆ లోకము భూమిపై పరచు నీడ ఇంచుమించు ఆ లోకమంత వెడల్పే యుండును. అది తరచు సెకనుకు ఇరువది కిలోమీటర్లకు పైబడిన వేగముతో పరుగిడును. వంద కిలోమీటర్ల గోళమైనచో, నీడ నడుమ నున్నవానికి నక్షత్రము నాలుగైదు సెకన్లు కనబడదు. అంచున నున్నవానికి ఒక్క సెకనే కావచ్చును. గుంటూరులో ఎన్ని సెకన్లు, బెజవాడలో ఎన్ని, గుడివాడలో ఎన్ని, బందరులో ఎన్ని అని లెక్కగట్టి ఆ గీతలను వరుసగా పేర్చినచో గోళపు రూపు కాగితముపై తేలును. నక్షత్రము మరుగుపడనే లేదని చెప్పువాని సాక్ష్యమును వ్యర్థము కాదు. గోళపు సరిహద్దు తనదాకా రాలేదని అతడు నిరూపించినవా డగుచున్నాడు.

2017 జూలై 17న అర్జెంటీనాలోని పాటగోనియాలో ఇదే జరిగినది. సుమారు 650 కోట్ల కిలోమీటర్ల దూరముననున్న అరొకోత్ అను గోళమునకై అచ్చట 24 దూరదర్శినులను వరుసగా నిలిపిరి. గాలి నాపుటకు లారీల నడ్డము పెట్టిరి. స్థానికాధికారులు వీధిదీపముల నార్పించిరి. నీడ తగిలినది వానిలో అయిదు దూరదర్శినులకే. ఆ అయిదింటి లెక్కలనుబట్టి ఆ గోళము రెండు ముద్దలు జతకూడినట్లుండవచ్చునని ఊహించిరి. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ వ్యోమనౌక దాని చెంతకు పోయి చూడగా ఆ ఊహ నిజమైనది.

మన దక్షిణదేశమునకును ఈ విద్య కొత్తది కాదు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగించుచుండగా హైదరాబాదులో పెరిగిన వైనుబప్పు, తమిళదేశములోని జవ్వాది కొండలలో కావలూరు వేధశాలను నెలకొల్పెను. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక నక్షత్రమును కప్పు వేళకై జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి అచ్చట కనిపెట్టుకొని యుండగా, అనుకున్న వేళకు ముందే నక్షత్రపు వెలుగు తటాలున తగ్గి, కొన్ని సెకన్లకు మరల హెచ్చినది. కొత్త ఉపగ్రహమని వారు తొలుత భావించిరి. అదే రాత్రి హిందూ మహాసముద్రముపై విమానమునుండి చూచిన ఎలియట్ బృందమునకు, గ్రహమునకు ఇరువైపుల సమానదూరములలో వెలుగు తగ్గుట కనబడెను. యురేనస్‌కు వలయములు గలవని లోకమునకు అట్లు తెలిసినది.

ఇంకను వెనుకకు పోయినచో, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఖగోళజ్ఞులగు జాన్సెన్ ఫ్రాన్సునుండి గుంటూరునకును, పోగ్సన్ మద్రాసునుండి బందరునకును వచ్చియుండిరి. హీలియము కథ కారంభమైన ఆ గ్రహణమునందు ఆ రెండు చోట్లను పరికరములు పరాయివి, పండితులు పరాయివారు. మనది ఆకాశము మాత్రమే. ఆ కొరత ఇకనైనను తీరవలెనని నా కోరిక.

మబ్బులు, ఉక్క, నగరపు వెలుగు మనకు ఆటంకములే, నేను కాదనను. వర్షర్తువులో ఈ పనికి ఆశ లేదు. కాని శీతకాలము చివరనుండి వేసవివరకు రాత్రులు చాలవరకు తేటగా నుండును. బందరులో మబ్బు పట్టిననాడు నూజివీడు నిర్మలముగా నుండవచ్చును. పది అంగుళముల దూరదర్శిని, వీడియో కెమెరా, జి.పి.ఎస్. గడియారము ఉన్నచో కాస్త ప్రకాశము గల నక్షత్రములకు చాలును. విద్యార్థులు మొదట రోహిణియో జ్యేష్ఠయో చంద్రుని చాటునకు పోవు క్షణమును కొలిచి చేయి తిరిగిన పిదప సుదూరగోళముల జోలికి పోవచ్చును. కృష్ణా విశ్వవిద్యాలయము, నాగార్జున విశ్వవిద్యాలయము కలసి ఈ బాధ్యతను స్వీకరించి, కొన్న దూరదర్శినులను ఊరి కొకటిగా కళాశాలలకు పంచవలెనే గాని, అన్నిటిని బెజవాడలో ఒక్క మేడపై చేర్చరాదు.