'మనవల్ల కాదు' అనే మాటకు లెక్క అడగండి

పెళ్లి బట్టలకు మదీనాకు, గాజులకు లాడ్‌బజారుకు, వ్యాజ్యం పనికి హైకోర్టుకు, జబ్బు చేస్తే మూసీ అవతలి ఉస్మానియా ఆసుపత్రికి మన గ్రామాల వారు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. సంతలో ఎడ్ల బేరం చేసేటప్పుడు ఎవరికీ తీసిపోని రైతు, ఇక్కడ ఒక కిటికీ ముందు నిలబడి చీటీ ఎక్కడ ఇస్తారని అడగడానికి వెనుకాడుతాడు. ఊరి బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న అమ్మాయి సిటీ కాలేజీ మెట్లెక్కగానే నోరు మూసుకుంటుంది. కారణం అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు: ''పల్లెటూరి వాళ్లం, మావల్ల ఏమవుతుంది?''

దీనిని వినయం అనుకుని మెచ్చుకునే పెద్దలున్నారు. నిజానికి ఇది మనసుకు పట్టిన ఒక అలవాటు. బీడీ అలవాటు వలెనే ఇది కూడా ఒకరిని చూసి ఒకరికి అంటుకుంటుంది. అలవాటు గనుక మానుకోవడానికి వీలున్నది. ఎలా మానుకోవాలో మన తాతల కాలం వారే చేసి చూపించారు.

నిజాం పాలనలో కోర్టు భాష, కచేరీ భాష, పెద్ద చదువుల భాష ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసినప్పుడు బోధన భాష కూడా ఉర్దూయే అయింది. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు కొత్త భవనం తెరిచారు. భూమి తగాదాతో అక్కడికి వచ్చిన తెలుగు రైతుకు తన వ్యాజ్యంలో ఏం జరుగుతున్నదో ఇంకొకరు చెబితే గాని తెలిసేది కాదు. రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగే అయినా, అది మోటు భాష అని ఎగతాళి చేసేవారు. విని విని మనవారు కూడా అదే నిజమనుకున్నారు. నలుగురిలో తెలుగు మాట్లాడడానికే జంకేవారు.

1921 నవంబరులో హైదరాబాదు నగరంలో, వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. ఇతర భాషల వారి ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోగా సభికులు గోల చేసి, నవ్వి, ఆయనను మాట్లాడనివ్వలేదు. సభలోని తెలుగువారు ఆ అవమానాన్ని దిగమింగి ఇళ్లకు వెళ్లి పడుకోలేదు. వెంటనే ఒకచోట కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఆనాడు కూడిన వారు కొద్దిమందే. ఆ కొద్దిమంది మొదలుపెట్టిన పనే పెరిగి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభగా నిలిచింది.

ఆ ప్రతాపరెడ్డి చేసిన మరో పని మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. తెలంగాణాలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు అన్నాడు. దానికి ఆయన తిట్టుతో జవాబివ్వలేదు. గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. అందులోని కవులు 354 మంది. 'లేరు' అన్న మాటకు 354 అనే అంకె జవాబైంది. ఆ తరువాత ఆ మాట ఇక నిలవలేదు.

మన సొంత మనసులో లేచే మాటలకు కూడా ఇదే మందు. కుంగిపోయిన మనసు ఎప్పుడూ మొత్తంగా కొట్టిపారేసే మాటలే పలుకుతుంది. 'నాకేదీ రాదు', 'నన్నెవరూ లెక్కచేయరు', 'నేను పట్టిందల్లా మన్నే' అంటుంది. 1960వ దశకంలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఈ సంగతి గమనించాడు. కుంగిపోయిన రోగులలో ఇటువంటి ఆలోచనలు తమంతట తామే పుడతాయని, రోగి వాటిని పరీక్షించకుండానే నమ్ముతున్నాడని గ్రహించాడు. ఆలోచనను నిలబెట్టి సాక్ష్యం అడగడమే ఆయన చికిత్సలో ముఖ్యభాగం. నేడు అనేక దేశాల వైద్యులు ఆ పద్ధతిని వాడుతున్నారు.

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. మనసు కుంగినప్పుడు లోపల ఏ మాట తిరుగుతున్నదో ఒక కాగితం మీద రాయండి. రాయడం రాకపోతే నమ్మకస్తుడైన స్నేహితునికి చెప్పండి. పక్కనే ఆ మాటకు అనుకూలమైన సాక్ష్యం, వ్యతిరేకమైన సాక్ష్యం రెండూ వేయండి. ఇంటర్ తప్పిన కుర్రవాడు 'నాకు చదువు రాదు' అని రాసుకున్నాడనుకుందాం. ఎన్ని సబ్జెక్టులు తప్పాడు? రెండు. ఎన్నింటిలో గట్టెక్కాడు? మిగిలినవన్నింటిలో. అప్పుడు 'నాకు చదువు రాదు' అన్న మాట కొట్టివేసి, 'నాకు లెక్కలు, ఇంగ్లీషు ఇంకా రావలసి ఉన్నాయి' అని రాసుకోవాలి. మొదటి మాట అతనిని మంచాన పడేస్తుంది. రెండోది రేపు ఉదయం ఏ పుస్తకం తీయాలో చెబుతుంది.

ఆ తరువాత ఒక చిన్న పని చేయాలి. కచేరీ కిటికీ దగ్గర భయపడే మనిషి, అడగవలసిన రెండు ప్రశ్నలు ముందే అనుకుని వెళ్లి, తెలుగులోనే అడగాలి. ఈసారి జవాబు దొరికితే రెండోసారి కాలు వణకదు. దొరకకపోతే ఆ పక్కవారిని అడగవచ్చు. ధైర్యం కలిగాక పని చేద్దామని కూర్చున్నవారికి అది ఎన్నటికీ రాదు. పని చేస్తూ ఉండగా వచ్చేదే ధైర్యం.

తలిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. 'మొద్దు', 'దద్దమ్మ', 'నీ బతుకింతే' అని మనం పిల్లలను తిట్టే తిట్లే రేపు వారి లోపలి మాటలవుతాయి. తప్పు చేస్తే ఆ తప్పు పేరు చెప్పి మందలించండి. మనిషినే కొట్టిపారేయకండి. అలాగే పాతబస్తీ వారి గురించి ఊళ్లలో, ఊరివారి గురించి నగరంలో 'వాళ్లంతా ఇంతే' అనే మాట వింటూంటాం. అదీ లెక్క చూడని మాటే. లాడ్‌బజారులో లక్క గాజు మీద రాయి పొదిగే పనివాని నేర్పు చూసినవారు ఆ మాట అనలేరు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆలోచన మార్చుకుంటే కష్టాలన్నీ తీరుతాయని చెప్పడం లేదు. అప్పు, నిరుద్యోగం, కులం పేర చిన్నచూపు మన ఊహలు కావు. 1921 నాటివారు కూడా అంతటితో ఆగలేదు. మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల పెట్టారు. ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తించకపోతే, కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లలను పంపారు. తమవల్ల కాదనుకుని ఉంటే ఆ బడికి పునాదిరాయి పడేదే కాదు.

మరొక హెచ్చరిక. వారాల తరబడి నిద్ర, ఆకలి లేక, బతుకు మీదనే విరక్తి పుడితే అది జబ్బు. దానికి కాగితం మీది లెక్క చాలదు. 'ధైర్యం తెచ్చుకో' అని ఊరుకోక డాక్టరుకు చూపించాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే సలహా చెబుతారు.

మిగిలిన మనమందరం ఈ వారం ఒక్క పని చేద్దాం. 'మనవల్ల కాదు' అని ఇంట్లో ఎవరైనా అన్నప్పుడు వారిని తిట్టవద్దు, వట్టి పొగడ్తలూ చెప్పవద్దు. 'ఏది కాదు? ఎన్నిసార్లు ప్రయత్నించావు? ఎంతవరకు వచ్చింది?' అని లెక్క అడుగుదాం.