ఇన్సులిన్‌ను మ్రింగలేము, మానలేము

షుగరు వ్యాధిగ్రస్థుల ఓ.పి.లో దాదాపు ప్రతిరోజూ వినబడే మాట ఒకటుంది: "అయ్యా, సూది వద్దండి, మాత్రలే రాయండి." అలా అడగడంలో ఆశ్చర్యం లేదు. జ్వరానికి మాత్ర ఉంది, బి.పి.కి మాత్ర ఉంది, క్షయకు కూడా మాత్రలే ఇస్తున్నారు. ఇన్సులిన్‌కు మాత్రం మాత్ర ఎందుకు లేదో వారికి ఎవరూ విడమరచి చెప్పరు. చెప్పకపోతే ఆ ఖాళీలోకి వేరే మాటలు వచ్చి కూర్చుంటాయి. ఇన్సులిన్ ఆఖరి దశలో ఇచ్చేదని, మొదలుపెడితే అలవాటైపోతుందని, విశ్వాసం గలవారికి దాని అవసరం ఉండదని. ఈ చివరి మాట మన సంఘాలలోనే వినబడుతోంది కనుక దానిని గురించి మన పత్రికలోనే రాయాలి.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు, అంటే ప్రోటీన్. పప్పులో, గుడ్డులో, చేపలో ఉండే ప్రోటీన్ల జాతికి చెందినదే. అమైనో ఆమ్లాలు అనే చిన్న పదార్థాలను పూసలనుకోండి. అవి ముఖ్యంగా ఇరవై రకాలు. వాటిని ఒక వరుసలో గుచ్చిన దండే ప్రోటీన్. ఏ పూస తర్వాత ఏ పూస రావాలో మన కణాలలోని డి.ఎన్.ఎ. నిర్ణయిస్తుంది. కొన్ని ప్రోటీన్లలో వందలు, వేల పూసలుంటాయి. ఇన్సులిన్ చిన్నది. ఇందులో 51 పూసలే. 21 పూసల దండ ఒకటి, 30 పూసల దండ ఒకటి. ఈ రెండింటినీ రెండు చోట్ల గంధకపు బంధాలు కలిపి పట్టుకుంటాయి.

ఆ దండలు ఊరికే వేలాడుతూ ఉండవు. మడతలు పడి ఒక నిర్దిష్టమైన రూపం తీసుకుంటాయి. ఇన్సులిన్ చేసే పని అంతా ఆ రూపంలోనే ఉంది. కండరాల కణాల మీద, కొవ్వు కణాల మీద దానికి సరిపోయే తాళం వంటి భాగం ఉంటుంది. రూపం సరిగా ఉంటే ఆ తాళంలో ఇమిడి, రక్తంలోని చక్కెర లోపలికి వెళ్ళేటట్లు చేస్తుంది. రూపం చెడితే పూసలన్నీ ఉన్నా పని జరగదు.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ శాంగర్ ఈ పూసల వరుసను ఒక్కొక్కటిగా తేల్చి 1955 నాటికి పూర్తి చేశాడు. ఒక ప్రోటీన్ వరుస పూర్తిగా తెలియడం లోకంలో అదే మొదలు. అందుకు 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. దాని మడతల రూపాన్ని డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం 1969లో బయటపెట్టింది. ఆమె మొదటి ఇన్సులిన్ ఫోటోలు తీసింది 1930లలో. అంటే ముప్పై ఏళ్ళకు పైబడిన ఓపిక! ఆ బృందంలో మన దేశస్థుడైన ఎం. విజయన్ ఉన్నారు. తర్వాత ఆయన బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చాలా కాలం పనిచేశారు.

ఇక మాత్ర సంగతి. మన కడుపుకు ఇది పప్పు, ఇది ఇన్సులిన్ అనే భేదం తెలియదు. ప్రోటీన్ కనబడితే ముక్కలు చేయడమే దాని పని. దండ తెంపి పూసలుగా విడదీస్తుంది. మ్రింగిన ఇన్సులిన్ గతి కూడా అంతే. రక్తంలోకి చేరేది పూసలే గాని ఇన్సులిన్ కాదు. అందుకే చర్మం క్రింద సూదితో ఇస్తున్నాము. పీల్చే ఇన్సులిన్ పొడికి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. అది కూడా కడుపు దారిన పోదు, ఊపిరితిత్తుల నుండి రక్తంలోకి వెళుతుంది.

ఇది తెలిస్తే పెరటిలో పెంచే "ఇన్సులిన్ మొక్క" సంగతి కూడా తేలిపోతుంది. రోజుకొక ఆకు నమిలితే సూది అక్కరలేదని కొందరు చెబుతున్నారు. ఆ ఆకులో నిజంగానే ఇన్సులిన్ ఉందనుకుందాం. నమిలి మ్రింగాక అది కడుపును దాటి బయటపడేదెలా? ఆకు నమలడానికి మీకు సరదా ఉంటే మీ డాక్టరుకు చెప్పి నమలండి. దాన్ని నమ్ముకొని సూది మాత్రం మానవద్దు.

రూపమే పని అన్నాను కదా, ఇంట్లో ఇన్సులిన్ దాచుకోవడం కూడా దానితో ముడిపడినదే. ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చిగుడ్డు చేయలేము. వేడికి దానిలోని ప్రోటీన్ల మడతలు విప్పుకొని చిక్కుపడిపోతాయి. ఎండలో నిలిపిన కారులో, బస్సు కిటికీ ప్రక్కన సంచిలో పెట్టిన ఇన్సులిన్ కూడా అలాగే పాడవుతుంది, కాని పైకి కనబడకపోవచ్చు. గడ్డకట్టినా పాడే. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసు పెట్టెలో కాదు. వాడుతున్న సీసా చల్లని నీడలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది. మన మే నెల ఎండలకు ఇంటిలోపలి నీడ కూడా చాలదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ ఉంచి, సీసాను నీరు తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టి అందులో దాచుకోవచ్చు. తెల్లగా మబ్బుగా ఉండే రకాన్ని గట్టిగా కుదపకండి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. నీళ్ళలా ఉండవలసిన రకం మబ్బుగా మారినా, ఏ రకంలోనైనా పలుకులు కనబడినా పారవేయండి.

డాక్టరుగారు ఒక రకాన్ని అన్నానికి అరగంట ముందు, మరొక రకాన్ని సరిగ్గా భోజనానికి కూర్చునేటప్పుడు వేసుకోమంటే చాలామందికి విసుగు. దీనికీ కారణం రూపమే. మామూలు ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున గుంపుగా కూడి ఉంటాయి. అవి విడిపోయి రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది. 1996లో వచ్చిన లిస్‌ప్రో అనే రకంలో ఒక దండ చివర రెండు పూసలను అటుదిటు మార్చారు. అంతమాత్రానికే గుంపు త్వరగా విడిపోతుంది. రెండు పూసలతోనే ఇంత తేడా! కనుక ఒకరి ఇన్సులిన్ బాగుందని మరొకరు మార్చుకొని వేసుకోవడం ప్రమాదం.

"నేను ఇన్సులిన్ మానేశాను, ప్రభువు నన్ను ముట్టాడు" అని కూటములలో సాక్ష్యం చెప్పేవారున్నారు. వారు అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు. పెద్దవారిలో వచ్చే టైప్ 2 షుగరులో శరీరం ఇన్సులిన్ తయారు చేస్తూనే ఉంటుంది, అది సరిగా పనిచేయదు, క్రమేణా చాలదు. గర్భంతో ఉన్నప్పుడో, ఆపరేషను సమయంలోనో సూది వేసి తర్వాత ఆపుతాము. బరువు తగ్గి, తిండి మార్చుకొని డాక్టరు సలహాతో సూది మానినవారూ ఉన్నారు. దానికి దేవునికి స్తోత్రం చెప్పవలసిందే. అయితే అదే కూటంలో, వెనుక చాప మీద, టైప్ 1 షుగరు ఉన్న పదేళ్ళ బిడ్డతో ఒక తల్లి కూర్చొని వింటుంది. ఆ బిడ్డ క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలను శరీరమే నాశనం చేసుకుంది. ఆ తల్లి ఇంటికి వెళ్ళి సూది ఆపితే ఒకటి రెండు రోజులలోనే బిడ్డకు వాంతులు, కడుపు నొప్పి, లోతుగా వేగంగా ఎగశ్వాస, మగత వస్తాయి. నోటి నుండి పండిన పండు వాసన రావచ్చు. ఆ గుర్తులు కనబడితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తేవాలి.

1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఇటువంటి పిల్లలకు ఉన్న చికిత్స దాదాపు పస్తులుంచడమే. మందు శుద్ధి చేసి రెండవసారి ఇచ్చాక ఆ బాలుడు తేరుకొని మరో 13 ఏళ్ళు బ్రతికాడు. ఈనాడు మన పిల్లలు చదువుకొని, పెళ్ళిళ్ళు చేసుకొని, తామే తల్లిదండ్రులవుతున్నారు.

రాజైన హిజ్కియా సంగతి మీకు తెలుసు. అతడు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విని 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. అయినా యెషయా ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. ప్రార్థన నెరవేరుతుందని వాగ్దానం వచ్చిన తర్వాత కూడా కట్టు కట్టారు! కట్టు కట్టడం అవిశ్వాసమని అక్కడ ఎవరూ అనలేదు. ఈ క్షణాన ప్రసంగించే కాపరి శరీరంలోనూ, వినే సంఘం శరీరంలోనూ అదే ఇన్సులిన్ తయారవుతోంది. అందరిలో దేవుడు ఉంచినదాన్ని ఒక బిడ్డకు సీసాలో నుండి ఇస్తే అది విశ్వాసలోపం ఎలా అవుతుంది?

కాబట్టి పాస్టరు గార్లకు నా మనవి. మందు మానేసిన సాక్ష్యం వేదిక మీదికి వచ్చే ముందు అది ఏ రకం షుగరో, డాక్టరు మాన్పించాడో లేదో కనుక్కోండి. స్వస్థత కోసం ప్రార్థించండి, మా ఆసుపత్రులలో మేమూ ప్రార్థిస్తాము. ఇన్సులిన్ మానమని మాత్రం ఎవరితోనూ అనకండి. శ్రమదినాలలో ఉపవాసముండదలచిన షుగరు రోగులు ముందుగా డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేసుకోవాలి. టైప్ 1 పిల్లలను ఉపవాసానికి పెట్టవద్దు. సండేస్కూలు టీచర్లు అటువంటి బిడ్డ ఎవరో తెలుసుకొని బల్ల సొరుగులో గ్లూకోజు పొడి ఉంచుకోండి. ఆరాధన మధ్యలో ఆ బిడ్డకు చెమటలు పట్టి చేతులు వణికితే, పాట అయ్యేవరకు ఆగకుండా మూడు చెంచాలు నీళ్ళలో కలిపి త్రాగించండి.