నిందాస్తుతి - యంత్రవివేకము

ప్రజాభిప్రాయములందలి పరుషవాక్కును, వ్యక్తిగత వివరములను యంత్రమే వడపోయు పద్ధతి నేడు ప్రబలినది. గీత 17వ అధ్యాయమున వాఙ్మయ తపస్సును చదివిన మనకు దాని ఉద్దేశము సమ్మతమే. కాని గోలకొండ చెరలో కంచర్ల గోపన్న, చేయించిన ఆభరణముల నెల్ల లెక్కించుచు రామునే నిలదీసి తిట్టిన కీర్తన దాని కంటబడినచో? పదములను మాత్రమే చూచు యంత్రము దూషణమనియే త్రోసివేయును. వ్యాజస్తుతిగా మృదుపదములతో గుచ్చిన నిందను సాదరముగా పంపివేయును. కావున అనుమానితమును వేరుపరచుట వరకే దాని పని. తీర్పు సహృదయుడే చెప్పవలెను.

అంకెల సంగతి వేరు. 12 అంకెల ఆధార్, 10 అంకెల ఫోను సంఖ్య గుర్తించుటకు రసజ్ఞత అక్కరలేదు. యంత్రము నిస్సంకోచముగా మరుగుపరచవచ్చును. అర్చనకు గోత్రనామములు చాలునన్నను, ఫోను సంఖ్యయు జోడించి బహిరంగముగా వ్రాయు భక్తులు నేటికిని కలరు!