సంపాదకుని మాట: ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క సాఫ్ట్‌వేరు

1999లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన సేల్స్‌ఫోర్స్, సాఫ్ట్‌వేరు కొని తెచ్చుకొను వస్తువు గాక, చందా చెల్లించి అంతర్జాలముననే వాడుకొనదగిన సేవయని నచ్చజెప్పిన పిమ్మట, సకల వ్యాపారములకును ఒక్క పరికరమే చాలునను భ్రమ కొంతకాలము ప్రబలెను. ఆ భ్రమ ఇపుడు సడలుచున్నది. కాలిఫోర్నియాలో ఆరా మహ్దేసియన్, వాహే కుజోయన్ అను మిత్రులు, కాంట్రాక్టర్లయిన తమ తండ్రులు కాగితములతోను ఫోనులతోను పడు పాట్లు చూచి, ప్లంబర్లు, ఏసీ మెకానిక్కులు మొదలగువారి కొరకే సర్వీస్‌టైటన్‌ను నిర్మించిరి. ఏ మెకానిక్కును ఏ ఇంటికి పంపవలెను, వాకిటనే నిలిచి ఖర్చు అంచనా ఎట్లు చూపవలెను, ఆ ఇంటి పాత మరమ్మతుల వివరము లెక్కడ దొరకును, అన్నియు అందే. 2024 డిసెంబరులో అది నాస్‌డాక్‌కెక్కినది. మందుల కంపెనీలకు వీవా, నిర్మాణదారులకు ప్రోకోర్ అట్టివే. విపణి చిన్నదే, అయినను తన పని ఎరిగిన పరికరమును విడిచిపోవువాడు అరుదు. చందా పెంచుటకు ఇదే అదనని అమ్మువారు కనిపెట్టకపోరు, అది వేరు సంగతి. ఈ సంచికలోని వ్యాసములు ఇట్టి వ్యాపారముల లోగుట్టును పరిశీలించును.