ఫుట్‌బాలాట: మనము మఱచిన కీర్తి

జనసంఖ్యనుబట్టి జాతుల యోగ్యత నెంచుట లోకమున వాడుకయై యున్నది. ఈ లెక్క తప్పని చూపుటకు దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశ మొక్కటి చాలును. నేడు దాని జనము సుమారు 35 లక్షలు. 2011 లెక్కలలో మన నెల్లూరు జిల్లా జనము 29 లక్షలకు పైబడినది. ఇంతటి చిన్నదేశపు జట్టు 1924, 1928 ఒలింపిక్ క్రీడలలో అగ్రస్థానము నందినది. 1930లో మొట్టమొదటి ప్రపంచకప్పును స్వదేశమున నడపి తానే గెలిచినది. 1950లో బ్రెజిలును వారి ముంగిటనే 2-1 గోలులతో నోడించి ఆ కప్పును మరల గైకొన్నది. బ్రెజిలు, అర్జెంటీనా వంటి మహాదేశముల నడుమ నిఱికియున్నను దాని పేరు లోకమంతట వినబడుటకు ఈ యాటయే ముఖ్యకారణము.

మన కట్టి చరిత్ర లేదా? కలదు, మఱచితిమి.

1911లో కలకత్తా మోహన్ బగాన్ జట్టువారు, ఒక్కరు దప్ప తక్కినవారందఱును వట్టికాళ్లతో నాడి, ఈస్టు యార్కుషైరు పటాలమును 2-1గా నోడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలిచిరి. తుపాకి పట్టిన దొరతనమును మైదానమున సమానుడై యెదుర్కొనవచ్చునని దేశము గ్రహించిన దినమది. 1948లో స్వతంత్ర భారత జట్టు లండనులో ఫ్రాన్సుచేత 2-1గా నోడినను, వట్టికాళ్ల యాటగాండ్రను జూచి జనులు మెచ్చుకొనిరి. ఐతే మెప్పు వేఱు, గెలుపు వేఱు. 1952లో హెల్సింకిలో యుగోస్లావియా మనవారిని 10-1గా నోడించుటతో ఈ భేదము తేటపడినది.

ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో జన్మించిన ఈయన వృత్తిచే బడిపంతులు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును 1-0గా నోడించి బంగారు పతకము గడించిన జట్టును తీర్చినదియు నీయనయే. ఓటమిని జూచి క్రుంగక, బడిలో పాఠము చెప్పినట్లే ఆటను చెప్పెను: బంతిని తనయొద్ద నిలుపుకొనక తోడివానికి వెంటనే అందించుట, రెండు కాళ్లను సమముగా నభ్యసించుట, పదునొకండుగురు ఒక్క శరీరమువలె కదలుట. ఆయన తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా 5 సారులు రోవర్స్ కప్పును గెలిచినది.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన నెల దినములకు, 1956 డిసెంబరులో, మెల్బోర్నులో మన దేశపు జట్టు ఆస్ట్రేలియాను 4-2గా నోడించి, ఒలింపిక్ ఫుట్‌బాలున ఉపాంత్యమునకు చేరిన తొలి ఆసియా జట్టయి, తుదకు నాలుగవ స్థానము నందినది. అందు హైదరాబాదు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికర్, సికిందరాబాదు బలరాం మున్నగువారుండిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో, అచటి జనసమూహము మనవారిని అవహేళన చేయుచుండగా, తలకు కుట్లుపడిన జర్నైల్ సింగు ముందువరుసలో నాడి ఒక గోలు, పి.కె. బెనర్జీ యొక గోలు కొట్టి దక్షిణ కొరియాను 2-1గా జయించిరి. హిందువు, ముసల్మాను, సిక్కు, క్రైస్తవుడు ఒక్క బంతి వెంట పరుగెత్తిన ఆ దృశ్యముకంటె జాతీయతకు వేఱు వ్యాఖ్యానము కావలయునా? అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తుడైన రహీము 1963 జూనులో మరణించెను.

పిదప నేమైనది? 1970లో హైదరాబాదు నయీముద్దీను నాయకుడుగా బ్యాంకాకులో కాంస్యము దక్కినది. కాని 1960 తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్కులకు పోలేదు. ప్రపంచకప్పున ఏనాడును ఆడలేదు. మహనీయు డున్నంతకాలము వెలుగు, పోయిన పిదప చీకటి: మన సంస్థలకు పట్టిన పాతజాడ్య మిది. ఉరుగ్వేలో వాడవాడలను పసిపిల్లల ఆటసంఘము లున్నవి. ఆటగాండ్రు పోయినను మైదానము పోలేదు. మనము వీరుని పూజించి నేలను విడిచితిమి.

ఇచట ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వారికొక మాట. వానకై ఆకాశము జూచు మెట్టసీమలో బంతియాట యేల యని కొంద ఱందురు. ఇంతకంటె చవుకైన యాట మఱి యేది? ఒక బంతియు, చదునైన నేలయు చాలును. హైదరాబాదు పోలీసు జట్టులో ఆటయే పలువురకు కూడుపెట్టినదని మఱవరాదు. ప్రతి పాఠశాలకును ఆటస్థల ముండవలయునని 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధము శాసించుచున్నది. ఇది దయాధర్మము గాదు, బాలుర హక్కు, బాలికల హక్కు.

కావున పఠనాలయముల సభ్యులు తమ యూరి పాఠశాలల నేలను స్వయముగా జూడవలెను. స్థలము లేనిచో పంచాయతీ, పురపాలక సంఘములకు వ్రాతమూలముగా విన్నవింపవలెను. ఉన్నచో ఆక్రమణకు లోనుగాకుండ హద్దురాళ్లు నాటింపవలెను. వ్యాయామోపాధ్యాయుని నియామకమునకై పట్టుబట్టవలెను. ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి మించి ముట్టడించిగాని 1514లో సాధింపలేదు. ఆ కొండ నీడను పెరిగినవారికి ఓరిమి నేర్పనక్కఱలేదు. పిల్లలకు నేల నిండు. పేరు వారే తెత్తురు.