గళ్ల పజిల్‌లో తప్పు పిల్లలదా, వాక్యానిదా?

సూరత్‌లో నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన కుటుంబాల పిల్లలకు అవి ఆధారం. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బజారులో హిందీ వినే ఈ పిల్లలకు తర్కం నేర్పే పజిల్ ఏదంటే చాలామంది సుడోకు పేరు చెబుతారు. దానికి భాషతో పని లేదు. ఆ మాటకొస్తే అంకెలతోనూ పని లేదు. 1 నుంచి 9 వరకు అంకెల బదులు తొమ్మిది తెలుగు అక్షరాలు పెట్టినా ఆట అదే.

భాష అక్కర్లేకపోవడమే సుడోకు సౌలభ్యం. దాని లోటు కూడా అదే. లాజిక్ గ్రిడ్ పజిల్‌లో ఆధారాలు వాక్యాలుగా వస్తాయి. వాక్యం చదివి, దాని అర్థాన్ని గడిలో టిక్కుగానో ఇంటూగానో మార్చాలి. మాటల్లో ఉన్న షరతును గుర్తుల్లోకి తేవడం విజ్ఞానశాస్త్రంలో రోజూ జరిగే పని.

ఒక చిన్న ఉదాహరణ. బట్టల మార్కెట్లో వరసగా 1, 2, 3 నంబర్ల దుకాణాలు. క, చ, ట అనే ముగ్గురు వ్యాపారులు తలా ఒక దుకాణం నడుపుతున్నారు. ఒకరు ఎర్ర చీరలు, ఒకరు నీలం చీరలు, ఇంకొకరు ఆకుపచ్చ చీరలు అమ్ముతారు. ఎవరిది ఏ దుకాణం, ఏ రంగు? మొత్తం 36 అమరికలు సాధ్యం. నీలం చీరలు 2వ దుకాణంలో ఉన్నాయంటే 12 మిగులుతాయి. ‘చ’ దుకాణం నంబరు ‘ట’ దుకాణం నంబరుకన్నా 2 ఎక్కువ అంటే మిగిలేవి రెండే. ‘చ’ అమ్మేవి ఆకుపచ్చ చీరలు కావు అనగానే ఒక్కటే నిలుస్తుంది. ‘ట’ 1లో ఆకుపచ్చ, ‘క’ 2లో నీలం, ‘చ’ 3లో ఎరుపు. ఎక్కడా ఊహించాల్సిన పని లేదు. 1962 డిసెంబరులో ‘లైఫ్ ఇంటర్నేషనల్’ పత్రిక అచ్చువేసిన అయిదు ఇళ్ల పజిల్‌లో ఇలాంటి అమరికలు 2,488 కోట్లకు పైనే. (దాన్ని ఐన్‌స్టీన్ చిన్నప్పుడు రాశాడని చెప్పుకుంటారు కానీ, ఆధారాలు లేవు.) అక్కడ కూడా చివరికి మిగిలేది ఒకటే.

ఇప్పుడు ఇదే పజిల్‌లో ‘ముగ్గురూ ఎర్ర చీరలు అమ్మరు’ అనే ఆధారం చేర్చి చూడండి. ముగ్గురిలో ఒక్కరూ అమ్మరనా, లేక అమ్మేవాళ్లు ముగ్గురూ కాదనా? ‘పెళ్లికి అందరూ రాలేదు’ అన్నప్పుడు వచ్చే చిక్కే ఇది. మాటల్లో అయితే గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. కాగితం మీద ఆ సాయం ఉండదు. మొదటి అర్థం తీసుకున్న పిల్లకు ఎరుపు వరసంతా ఇంటూలే వచ్చి పజిల్ తెగదు. రెండో అర్థం తీసుకున్న పిల్లకు ఆ ఆధారం వల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. ఇద్దరి తర్కమూ సరైనదే. ‘పచ్చ’ అనే మాటా అలాంటిదే. కొన్ని ఇళ్లలో అది పసుపు రంగు, కొన్ని ఇళ్లలో ఆకుపచ్చ.

ఇంగ్లిష్ నుంచి అనువదించిన రీజనింగ్ ప్రశ్నల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ‘ఇమ్మీడియట్‌లీ’ అన్న మాటను ‘వెంటనే’ అని మార్చి, ‘రాముకు వెంటనే ఎడమవైపు కూర్చున్న వ్యక్తి’ అని రాస్తే తెలుగులో అది కాలాన్ని చెప్పే మాట అవుతుంది. ‘రామును ఆనుకొని ఎడమపక్కన’ అంటే ఏ గొడవా లేదు. ఉద్యోగాల పోటీ పరీక్షల్లో ఈ తరహా ప్రశ్నలకు మార్కులుంటాయి. వాక్యం తడబడితే మార్కు పోయేది విద్యార్థికి. పైగా ‘రీజనింగ్‌లో బలహీనం’ అన్న ముద్ర కూడా ఆ విద్యార్థి మీదే పడుతుంది.

గణిత బోధనలో పజిళ్లను, ఆటలను తరచుగా వాడాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. కనీసం అయిదో తరగతి వరకు వీలైనచోట మాతృభాషలో బోధన ఉండాలని కూడా అదే చెబుతోంది. ఈ రెండు మాటలనూ కలిపి చదివితే, తెలుగు పిల్లలకు ఇచ్చే పజిళ్లు మొదట తెలుగులోనే పుట్టాలి. సుడోకు పుస్తకాలు పంచడంతో ఆ పని తీరదు. సూరత్ వంటి చోట్ల పాఠ్యపుస్తకాలు వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకోవచ్చేమో కానీ, పజిళ్లను తరగతిలోనే తయారుచేసుకోవచ్చు. ఖర్చు గళ్ల కాగితమే.

అలా తయారైన పజిల్‌కు రెండు పరీక్షలు అవసరం. జవాబు ఒక్కటే ఉందా అన్నది మొదటిది. మూడు, నాలుగు గళ్ల పజిల్ అయితే చేత్తోనే తేల్చుకోవచ్చు, పెద్దదైతే చిన్న కంప్యూటర్ ప్రోగ్రామ్ చాలు. రెండోది ఏ ప్రోగ్రామూ చేయలేదు. పజిల్ తెంచమని అడగకుండా, ఒక్కో ఆధారాన్ని నలుగురు పిల్లల చేత చదివించి, దాని అర్థం ఎవరి మాటల్లో వాళ్లను చెప్పమనాలి. నలుగురూ ఒకే సంగతి చెప్పేదాకా ఆ వాక్యాన్ని తిరగరాయాల్సిందే. తిరగరాసే పని కూడా పిల్లలకే అప్పగించవచ్చు. ‘ముగ్గురూ అమ్మరు’ను కొట్టేసి ‘ముగ్గురిలో ఒక్కరే అమ్ముతారు’ అని రాయడానికి అయిదో తరగతి పిల్లలు చాలు.