గిటార్ ఆంప్ కొనేముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి

డిజిటల్ గిటార్ ఆంప్‌ల రివ్యూలు చూస్తుంటే నాకు ఫోన్ కెమెరా రివ్యూలే గుర్తొస్తాయి. అక్కడ మెగాపిక్సెల్స్ లెక్క, ఇక్కడ ఆంప్ మోడల్స్ లెక్క. ఎన్ని ఎఫెక్ట్స్, యాప్ ఎలా ఉంది, లైట్లు ఏ రంగులో వెలుగుతాయి అన్నీ చెప్తారు. ఆంప్‌ని వెనక్కి తిప్పి ఏ సాకెట్లు ఉన్నాయో చూపించేవాళ్లు మాత్రం తక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్లలో వాయించేవాళ్లకు అసలు స్పెసిఫికేషన్ అక్కడే ఉంది.

ఎందుకంటే మా దగ్గర జనానికి గిటార్ వినిపించేది ఆంప్ స్పీకర్ నుంచి కాదు. చర్చిలో క్రిస్మస్ ప్రోగ్రాం, కాలేజీ ఫెస్ట్, ఫంక్షన్ హాల్లో సంగీత్... ఎక్కడికెళ్లినా సౌండ్ సిస్టమ్ అన్న అప్పటికే రెండు పవర్డ్ స్పీకర్లు స్టాండ్లెక్కించి, ఓ చిన్న మిక్సర్ పెట్టుకుని ఉంటాడు. ఇంట్లో కిటికీలు అదరగొట్టే 25 వాట్ల ఆంప్, నిండిన హాల్లో డ్రమ్స్ పక్కన దాదాపు మూగదే. పెద్ద ఆంప్ కొని బస్సు డిక్కీలో మోసుకెళ్లొచ్చు. లేదా ఉన్న చిన్న ఆంప్‌ని ఆ సిస్టమ్‌కి కలపొచ్చు. నా ఓటు రెండోదానికే. డబ్బు మిగులుతుంది, నడుమూ మిగులుతుంది.

అయితే ఎలా కలుపుతామన్నదే అసలు విషయం. మామూలు గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది. మనం "గిటార్ టోన్" అనుకునేదాంట్లో సగం ఆ స్పీకర్ పుణ్యమే. పవర్డ్ స్పీకర్‌లో ట్వీటర్ ఉంటుంది, పైదాకా అన్నీ వినిపిస్తుంది. ఆంప్ సిగ్నల్‌ని నేరుగా అందులోకి వదిలితే డిస్టార్షన్ కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. అందుకే సిగ్నల్ బయటికి వచ్చేముందు ఆ స్పీకర్ స్వభావాన్ని లెక్కగట్టి కలపాలి. దాన్నే క్యాబ్ సిమ్యులేషన్ అంటారు. డిజిటల్ ఆంప్‌కి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. 1998లో వచ్చిన లైన్ 6 పాడ్‌కి అసలు స్పీకరే లేదు, నేరుగా రికార్డర్‌లోకో మిక్సర్‌లోకో వెళ్లడానికే దాన్ని చేశారు. ఈ పని వచ్చిన మెషిన్‌ని కొని, దాని ముందు మైక్ పెట్టి వాయించడం నాకు అర్థం కాదు.

ఇప్పుడు మార్కెట్లో కనిపించేవి చూద్దాం. ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25లో విడిగా లైన్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ సాకెట్, యూఎస్‌బీ ఉన్నాయి. 2020లో వచ్చిన మొదటి పాజిటివ్ గ్రిడ్ స్పార్క్‌లోనూ 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ సాకెట్టే దిక్కు. బాస్ కటానా-50లో రికార్డింగ్‌కి, హెడ్‌ఫోన్‌కి కలిపి ఒకే సాకెట్. వీటితో పని జరుగుతుంది. కానీ హెడ్‌ఫోన్ సాకెట్‌లో పిన్ను పెట్టగానే ఆంప్ స్పీకర్ మూగబోతుంది. స్టేజీ మీద మానిటర్ లేకపోతే మీరు వాయించేది మీకే వినపడదు. మన దగ్గర మానిటర్ ఉంటే సింగర్‌కి ఉంటుంది, గిటారిస్టుకి ఎవరిస్తారు? ఆంప్ స్పీకర్‌ని ఆపకుండా పనిచేసే లైన్ అవుట్ ఉంటే ఆంపే మీ మానిటర్ అవుతుంది. అందుకే పది మోడల్స్ తక్కువున్నా లైన్ అవుట్ ఉన్నదానికే నేను ఎక్కువ మార్కులు వేస్తా.

హెడ్‌ఫోన్ సాకెట్ వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఆంప్‌లో వాల్యూమ్ ఉంది, మిక్సర్‌లో లైటు వెలుగుతోంది, కానీ అన్న మాత్రం "తమ్మీ, నీ గిటార్ వస్తలేదు" అంటాడు. ఇది కేబుల్ చెడిపోయి కాదు, లెక్క ప్రకారమే జరుగుతుంది. హెడ్‌ఫోన్ పిన్నులో ఎడమ చానెల్ ఒక వైరు, కుడి చానెల్ ఇంకో వైరు. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ మాత్రం ఒక వైరులోంచి ఇంకో వైరును తీసేస్తుంది. రెండింట్లో ఒకే గిటార్ ఉంటే మిగిలేది సున్నా. స్టీరియో రివర్బ్ మాత్రం దయ్యంలా వినిపిస్తుంది. దీనికి మందు వై కేబుల్: ఒకవైపు స్టీరియో పిన్ను, ఇంకోవైపు రెండు మోనో పిన్నులు. రెండూ రెండు చానెల్స్‌కి ఇవ్వండి, చానెల్ ఒకటే ఖాళీగా ఉంటే ఒక పిన్నే పెట్టండి. బ్యాగులో ఎప్పుడూ ఒకటి ఉండాలి, ప్రోగ్రాం టైంకి ఊళ్లో వెతికితే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

స్పీకర్ అవుట్ అని రాసి ఉన్న సాకెట్ జోలికి మాత్రం పోవద్దు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు ఇచ్చే ఆంప్‌లో అక్కడ దాదాపు 28 వోల్టులు వస్తాయి. మిక్సర్ ఎదురుచూసేది ఒక వోల్టు చిల్లర. అన్న మిక్సర్ కాలిపోతే బిల్లు మీదే.

గుయ్‌మనే హమ్ వస్తే ముందు ఆంప్‌ని, మిక్సర్‌ని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. వేర్వేరు చోట్ల ఎర్త్ తీసుకుంటే మన 50 హెర్ట్జ్ కరెంటే పాట పాడుతుంది. మిక్సర్ హాల్ ఆ చివర ఉంటే గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ బాక్స్ వాడాలి. ప్లగ్‌లో మూడో పిన్ను విరిచేసే చిట్కా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. దణ్ణం పెట్టి పక్కకి వచ్చేయండి, జెనరేటర్ మీద నడిచే హాల్లో అది ప్రాణాలతో ఆట.

ఇక చివరికి అందరూ అడిగేది: ఆంప్‌లో బ్లూటూత్ ఉంది కదా, స్పీకర్‌లోనూ ఉంది కదా, కేబుల్ ఎందుకు? ఈ తరహా ఆంప్‌లలో బ్లూటూత్ ఎక్కువగా ఫోన్ నుంచి పాట తీసుకోవడానికే, బయటికి పంపడానికి కాదు. పంపగలిగినా మామూలు బ్లూటూత్ ఆడియోలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు సులువుగా దాటుతుంది. అంటే స్పీకర్‌ని 34 మీటర్ల అవతల పెట్టుకుని వాయించినట్టు. మీరు స్ట్రమ్ చేసేసరికి డ్రమ్మర్ ముందుకెళ్లిపోయి ఉంటాడు.